బుట్ట ఇచ్చారు, పద్దు ఇవ్వలేదు: ఇళ్లలోని ప్రమాదకర చెత్త గురించి

కార్యదర్శి గారూ, మీరు అడిగింది ఇదీ: మియాపూర్‌లో మీది 180 ఫ్లాట్ల సముదాయం. గడువు తీరిన మందులు, ట్యూబ్‌లైట్లు, బ్యాటరీ సెల్లులు, ఇన్సులిన్ సూదులు అన్నీ పొడి చెత్తలోనే పడుతున్నాయి. మీరు పట్టుబట్టి నెల రోజులు వేరు చేయించినా, స్వచ్ఛ ఆటో అతను "వీటికి మా బండిలో అర లేదు సార్" అని మీ కళ్లముందే కలిపేశాడు. చట్టం ఏమంటోంది, ఎవరిని అడగాలి, అమెరికాలో మీ అమ్మాయి ఉండే ఊళ్లో కౌంటీ (అక్కడి జిల్లా పాలన) వాళ్లు తీసుకుంటారే, ఇక్కడ ఎందుకు తీసుకోరు, చివరగా ఇంట్లో థర్మామీటర్ పగిలితే ఏం చేయాలి. ఈ నాలుగింటికీ నాకు తెలిసినంత చెప్తాను.

ముందుగా ఒక మాట. ఆటో అతన్ని వదిలేయండి, అతను అబద్ధం చెప్పలేదు. నేను మున్సిపల్ ప్రజారోగ్య విభాగంలో శానిటరీ ఇన్‌స్పెక్టర్‌గా చేరి 31 ఏళ్లు చేశాను, ఎక్కువగా కోస్తా పట్టణాల్లో. రిటైరయ్యాక హైదరాబాద్ వచ్చి రెండు మూడు అపార్ట్‌మెంట్ సంఘాలకు చెత్త విషయంలో సాయం చేస్తున్నాను. డబ్బు తీసుకోను, అందుకే మొహమాటం కూడా ఉండదు. ఇన్నేళ్లలో నాకు తెలిసొచ్చిందేమిటంటే, ఈ చెత్త ఇంట్లో కలవడం కన్నా ఇంటి బయట కలవడమే అసలు రోగం. కానీ మన ప్రచారమంతా ఇంటి గుమ్మం దాకా వచ్చి ఆగిపోతుంది.

చట్టం సంగతి చూద్దాం. 2016 ఏప్రిల్‌లో కేంద్రం ఘనవ్యర్థాల నిర్వహణ నియమాలు తెచ్చింది. 2026 మార్చి దాకా నడిచినవి అవే, కొత్తవాటి సంగతి తర్వాత చెప్తాను. అందులో గృహ ప్రమాదకర వ్యర్థాలు అంటే ఏమిటో పేర్లతో సహా రాశారు: పెయింటు డబ్బాలు, పురుగుమందు డబ్బాలు, సీఎఫ్ఎల్ బల్బులు, ట్యూబ్‌లైట్లు, గడువు తీరిన మందులు, పగిలిన పాదరసం థర్మామీటర్లు, వాడేసిన బ్యాటరీలు, సూదులు, సిరంజిలు. తడి, పొడి, ప్రమాదకరం అని మూడుగా విడదీయడం ఇంటివాళ్ల బాధ్యత అన్నారు. మున్సిపాలిటీకి రాసిన బాధ్యత ఇంతకన్నా పెద్దది. ప్రతి 20 చదరపు కిలోమీటర్లకు ఒక సేకరణ కేంద్రం పెట్టాలి. ఊరు అంతకన్నా చిన్నదైనా సరే, ఒకటి తప్పనిసరి. ఏ వేళల్లో తెచ్చివ్వాలో ప్రకటించాలి. అక్కడి నుంచి భద్రంగా ప్రమాదకర వ్యర్థాల శుద్ధి కేంద్రానికి చేర్చాలి. పాత హైదరాబాద్ మహానగర పాలక సంస్థ (జీహెచ్ఎంసీ) హద్దులు సుమారు 625 చదరపు కిలోమీటర్లు. లెక్క మీరే వేయండి, 30 పైన కేంద్రాలు ఉండాల్సింది. మీకు దగ్గర్లో ఒకటైనా ఉంటే నన్ను అడిగేవారే కాదు.

మరి బుట్టలు? 2015లో హైదరాబాద్‌లో ఇంటింటికీ ఆకుపచ్చది, నీలంది రెండు పంచారు. మూడోది లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 అక్టోబరు 2న మొదలైన కార్యక్రమంలో ఎరుపుతో కలిపి మూడు ఇచ్చారు. నిజంగా మంచి పని. ఎర్రబుట్ట ఎందుకో తెలియని ఇల్లాలు ఉండేది కాదు. మా వార్డుల్లో ఒక పెద్దావిడ అందులో మందుల అట్టలు కడిగి మరీ వేసేది. వాటిని కడగక్కర్లేదమ్మా అని చెప్పినా వినేది కాదు. బండి దాకా వచ్చాక ఏమయ్యేదంటే, చాలాచోట్ల ఎర్రబుట్టలోది ఆ రోజు ఏ అర ఖాళీగా ఉంటే అందులో పడేది. చెత్త యార్డుకు వెళ్లేసరికి అంతా ఒకటే గుట్ట. కొన్నాళ్లకు ఆ బుట్టల్లో ఉల్లిపాయలు కనిపించాయి. జనాన్ని తప్పుపట్టలేను.

బండి తర్వాత ఏమవుతుందో మా అనుభవం ఒకటి చెప్తాను. 2018లో నేను పనిచేసిన ఒక మున్సిపాలిటీలో పాత వార్డు ఆఫీసు గది ఒకటి ఖాళీగా ఉంటే, దాన్ని ట్యూబ్‌లైట్లకు కేటాయించుకున్నాం. వీధిదీపాలను ఎల్‌ఈడీకి మారుస్తున్న రోజులవి. ఇళ్ల నుంచీ దుకాణాల నుంచీ కలిపి నాలుగు నెలల్లో 340 గొట్టాలు పోగయ్యాయి. మేస్త్రి ఒకాయన వాటిని పాత అట్టపెట్టెల్లో నిలువుగా పేర్చి, పెట్టె మీద లెక్క రాసి పెట్టేవాడు. ఇక పంపాలి. విశాఖ దగ్గర పరవాడలో ప్రమాదకర వ్యర్థాల శుద్ధి కేంద్రం ఉంది. వాళ్లను అడిగితే న్యాయంగానే చెప్పారు: ఒప్పందం చేసుకోండి, రుసుము కట్టండి, అనుమతి ఉన్న వాహనంలో పంపండి. ఫైలు పెట్టాను. అకౌంట్స్‌లో కూర్చున్నాయన మంచివాడే, నా ఫైలు చదివి ఒక్కటే అడిగాడు. "చెత్త అమ్మితే వచ్చిన డబ్బు జమ చేయడానికి పద్దు ఉంది. చెత్త ఇచ్చి డబ్బు కట్టడానికి పద్దు ఎక్కడుంది?" నా దగ్గర జవాబు లేదు. కౌన్సిల్ తీర్మానం చేయించుకుందామంటే ఎజెండాలోకి ఎక్కలేదు. ఎక్కే లోపు 2019 ఎన్నికలు వచ్చాయి, సామగ్రికి గది కావాలన్నారు. నేను సెలవులో ఉన్న రెండు రోజుల్లో గది శుభ్రమైపోయింది. 340 గొట్టాలు ట్రాక్టర్లో యార్డుకు వెళ్లాయి. ఎన్ని పగిలాయో అడగలేదు. అడిగితే మాత్రం ఏం చేస్తాను?

అందుకే, చట్టంలో ఇంకా ఏం రాయాలి అని ఎవరైనా అడిగితే నేను కొత్త శిక్షలు, కొత్త రంగులు చెప్పను. మున్సిపల్ బడ్జెట్‌లో ఈ పేరుతో ఒక పద్దు ఉండాలని రాయండి చాలు అంటాను.

ఇందులో ఇంకో చిక్కుముడి ఉంది. ఇది బయటివాళ్లకు తెలియదు. జీడిమెట్లలో ఒక ఫ్యాక్టరీ నుంచి ద్రావకం (సాల్వెంట్) డ్రమ్ము ఒకటి దుండిగల్ శుద్ధి కేంద్రానికి వెళ్లాలంటే దానికి మానిఫెస్ట్ అనే పత్రం కావాలి. ఎవరు పంపారు, ఎవరు మోశారు, ఎవరు దించుకున్నారు అన్నీ సంతకాలతో నమోదవుతాయి. ప్రమాదకర వ్యర్థాల నియమాలు వేరుగా, అవీ 2016లోనే, వచ్చాయి. ఫ్యాక్టరీ ఆవరణలో ఆ సరుకును మామూలుగా 90 రోజులకు మించి నిల్వ ఉంచకూడదు. అదే ద్రావకం, అదే థిన్నర్, మీ బాల్కనీలో అర లీటరు మిగిలితే ఆ నియమాలు దాన్ని పట్టించుకోవు. మున్సిపల్ చెత్త కిందికి వచ్చేస్తుంది కాబట్టి దానికి పత్రం లేదు, సంతకం లేదు. ఇంటివాళ్ల నుంచి పత్రాలు అడగడం కుదరదు, ఒప్పుకుంటాను. కానీ వెయ్యి ఇళ్లవి ఒక గదిలో చేరాక అది ఇంటి చెత్తేనా? ఆ గదికి కనీసం ఒక రిజిస్టరు, తూకం, తాళం, పంపిన తేదీ ఉండాలి కదా. ఇళ్లను మినహాయించినంత తేలిగ్గా సేకరణ కేంద్రాన్నీ వదిలేశారు. పర్యవసానం మా గదిలో చూశాం.

ఇప్పుడు మీ చెత్తను నేను విడదీసే పద్ధతి చెప్తాను. తడి, పొడి కాదు. దిక్కున్న చెత్త, దిక్కులేని చెత్త.

దిక్కున్నదంటే, తయారు చేసిన కంపెనీయే వెనక్కి తీసుకోవాలని చట్టం చెప్పినది. 2022 ఆగస్టులో బ్యాటరీ వ్యర్థాల నియమాలు వచ్చాయి. గోడ గడియారంలో వేసే సెల్లు నుంచి విద్యుత్ వాహనం బ్యాటరీ దాకా అన్నీ అందులోకి వస్తాయి. వాటిని పూడ్చకూడదు, కాల్చకూడదు. ఇంటి చెత్తలో కలపకూడదని వినియోగదారుడికీ బాధ్యత రాశారు. 2022 నవంబరులో ఈ-వేస్ట్ నియమాలు నోటిఫై అయ్యి 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చాయి. ఫోన్లు, ఛార్జర్లతో పాటు పాదరసం ఉన్న దీపాలు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. రీసైక్లింగ్ చేసినట్టు కంపెనీలు సర్టిఫికెట్లు చూపించాలి కాబట్టి ఈ సరుకు వెనక డబ్బుంది. డబ్బున్న చోట బండి వస్తుంది. మీ సముదాయంలో ఇలాంటివి ఒక గోనెసంచెడు పోగైతే రిజిస్టరైన రీసైక్లర్‌కు ఫోన్ చేయండి, చాలామంది వచ్చి తీసుకెళ్తారు. రసీదు అడగండి. ట్యూబ్‌లైట్లు తీసుకోవడానికి కొందరు మొండికేస్తారు. బరువు తక్కువ, పగిలే గుణం ఎక్కువ, అందులో లాభం లేదు. ఫోన్లతో పాటు ట్యూబ్‌లైట్లు కూడా తీసుకుంటేనే ఇస్తామని గట్టిగా అనండి, దారికొస్తారు.

ఇన్వర్టర్ బ్యాటరీ సంగతి వేరు, సీసానికి రేటుంది కాబట్టి దాన్ని ఎవరూ పారేయరు. అసలు తంటా అక్కడే. కొత్తది కొనేటప్పుడు డీలర్‌కే ఇచ్చేయండి. వీధిలో తిరిగే పాత ఇనుప సామాన్లవాడు మూడు వందలు ఎక్కువిస్తానంటాడు. అతను ఆ డబ్బు ఎలా రాబట్టుకుంటాడో తెలుసా? సుత్తితో పగలగొట్టి, యాసిడ్ కాలవలో పోసి, సీసాన్ని పెరట్లో కరిగించేవాళ్లకు అమ్మి. ఆ పొగ పీల్చే పిల్లలు మన వీధిలో ఉండరు కాబట్టి మనకు కనపడదు.

ఇక దిక్కులేనివి: మందులు, సూదులు, పెయింట్లు, పురుగుమందులు, యాసిడ్లు, థర్మామీటర్లు. వీటికి వెనక్కి తీసుకునే కంపెనీ లేదు. ఇందులో మందులు, సూదులు మాత్రం దారి ఉండి కూడా దిక్కులేనివి అయ్యాయి. అదెలాగో చెప్తాను.

మీ వీధి మెడికల్ షాపులో గడువు తీరిన స్టాకు ఏమవుతుందో అడగండి. ఎక్స్‌పైరీ సరుకు అని కట్ట కట్టి స్టాకిస్టుకు వెనక్కి పంపుతాడు, అక్కడి నుంచి కంపెనీకి వెళ్తుంది. అంటే మందుకు వెనకదారి ఉంది, దశాబ్దాలుగా నడుస్తోంది. కానీ మొన్న మీరు కొన్న అట్టలో మిగిలిన నాలుగు మాత్రలు ఆ దారిలోకి వెళ్లవు, బిల్లయిపోయింది కాబట్టి. ఆ ఒక్క తలుపు తెరిస్తే సగం పని అయిపోతుంది. కేరళ ఔషధ నియంత్రణ శాఖ 2025లో కోజికోడ్‌లో ఆ పనే మొదలుపెట్టింది, వాడని మందులను ఇళ్ల నుంచీ, పెట్టిన డబ్బాల నుంచీ సేకరిస్తున్నారు. కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థ కూడా 2025 మేలో మార్గదర్శకాలు ఇచ్చింది. మందుల దుకాణాల సంఘాలతో కలిసి రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖలు ఇలాంటి సేకరణ మొదలుపెట్టవచ్చని అందులో ఉంది. దాంతో పాటు 17 మందుల జాబితా ఒకటి ఇచ్చారు. ఫెంటానిల్, ట్రమడాల్, డయాజిపామ్ లాంటివి. ఇవి మిగిలితే మాత్రం ఇంట్లో ఉంచకుండా టాయిలెట్‌లో వేసి నీళ్లు వదిలేయమన్నారు, పిల్లలో ఇంకెవరో పొరపాటున మింగితే ప్రాణాపాయం కాబట్టి. జాగ్రత్త, ఆ సలహా ఆ 17కే. యాంటీబయాటిక్‌లను కాలవలో పోయకండి. మందులు నీళ్లలో కలిస్తే ఏమవుతుందో పటాన్‌చెరు పక్కన ఉండే మనకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. అక్కడిది పరిశ్రమల పాపం అనుకోండి, కానీ సూక్ష్మజీవికి అది ఫ్యాక్టరీ మందో ఇంటి మందో తేడా తెలియదు.

సూదుల విషయంలో నాకు కోపం ఎక్కువ. మన దేశంలో చక్కెర వ్యాధి ఉన్నవాళ్లు 10 కోట్లు దాటారని 2023లో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం తేల్చింది. వాళ్లలో ఇన్సులిన్ తీసుకునేవాళ్లు ఇంట్లోనే పొడుచుకుంటారు, సూది చెత్తబుట్టలో వేస్తారు. మా దగ్గర ఒక కార్మికురాలికి పొద్దున్నే చెత్త వేరు చేస్తుంటే అరచేతిలో సూది దిగింది. గ్లవుజులున్నాయి, కానీ రబ్బరు గ్లవుజును సూది ఏం లెక్కచేస్తుంది. ఎవరిదో తెలియదు, ఏ రోగం ఉందో తెలియదు. హెపటైటిస్‌కు, హెచ్‌ఐవీకి పరీక్షలు చేయిస్తూ ఆరు నెలలు ఎదురుచూశాం. చివరికి ఏమీ లేదని తేలింది. ఆ ఆరు నెలలూ ఆమె తన కంచం వేరుగా పెట్టుకుని తిన్నదని నాకు తర్వాత తెలిసింది. కంచం వేరు పెట్టుకోవాల్సిన పని లేదని ఆమెకు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

దీనికీ దారి ఉంది. 2016 జీవవైద్య వ్యర్థాల నియమాల్లోనే, ఇంట్లో వైద్యం వల్ల వచ్చే ఇలాంటి చెత్తను వేరు సంచిలోనో డబ్బాలోనో పెట్టి మున్సిపల్ సిబ్బందికి ఇవ్వాలని, ఆసుపత్రుల చెత్త శుద్ధి చేసే కేంద్రాలతో మున్సిపాలిటీ ఒప్పందం చేసుకుని దాన్ని పంపాలని ఉంది. ఆ కేంద్రం బండి మీ వీధిలోని నర్సింగ్ హోమ్ ముందు ఆగుతూనే ఉంటుంది. మీ గేటు ముందు మాత్రం ఆగదు. మీరు చేయాల్సింది: బట్టల సబ్బు ద్రావణం వచ్చే మందపాటి ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఇన్సులిన్ వాడే ప్రతి ఇంటికీ ఇవ్వండి. సూది వాడగానే అందులో వేయాలి, సూదికి మూత తిరిగి పెట్టే ప్రయత్నం చేయకూడదు, సూదులు ఎక్కువగా గుచ్చుకునేది అప్పుడే. డబ్బా ముప్పావు వంతు నిండాక మూత బిగించి, టేపు వేసి, "సూదులు" అని పెద్ద అక్షరాలతో రాయాలి. నేను సాయం చేసే ఒక సముదాయంలో పక్కనున్న నర్సింగ్ హోమ్ డాక్టరు గారే తన బండికి ఇస్తానని ఒప్పుకున్నారు. అది ఆయన మంచితనం. మంచితనం మీద నడిచేదాన్ని వ్యవస్థ అనలేం, అయినా ఈలోగా అడిగి చూడండి.

పెయింట్లు, థిన్నర్లు, బాత్రూమ్ యాసిడ్ గురించి పెద్దగా చెప్పడానికి లేదు. మిగలకుండా కొనుక్కోవడం మేలు. మిగిలిన పెయింటు పక్కవాళ్ల గేటుకు ఇచ్చేయండి. కొంచెమే ఉంటే మూత తీసి ఇసుక కలిపి గాలికి గట్టిపడనివ్వండి. అన్నీ ఒకే సీసాలోకి ఒంపే అలవాటు మాత్రం మాన్పించండి. యాసిడ్, బ్లీచింగ్ పౌడరు కలిస్తే వచ్చేది క్లోరిన్ వాయువు. బాత్రూమ్ అంత చిన్న గదిలో అది చాలా ఎక్కువ.

మీ ప్రశ్నలో లేదు కానీ, పల్లెల్లో పురుగుమందు డబ్బాల సంగతి ఇంతకన్నా ఘోరం. వాడేసిన డబ్బాను పగలగొట్టి ఊరికి దూరంగా పాతిపెట్టాలని 1971 నాటి నియమాల్లోనే ఉంది. పత్తి చేల గట్ల మీద చూడండి, నీళ్లు తాగే సీసా, మందు సీసా ఒకేచోట ఉంటాయి. 2013 జూలైలో బిహార్‌లోని సారణ్ జిల్లాలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు, గుర్తుండే ఉంటుంది. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు ఉందని పరీక్షల్లో తేలింది. మన పత్తి రైతుకు ఆ పేరు కొత్త కాదు. పల్లెలో అందరికీ తెలిసిన మందు దుకాణమే ఖాళీ డబ్బాకు పది రూపాయలు తిరిగిచ్చే ఏర్పాటు ఉంటే ఒక్క డబ్బా గట్టు మీద మిగలదు. సోడా సీసాలకు ఒకప్పుడు చేసింది అదే.

అమెరికా సంగతికి వద్దాం. మీ అమ్మాయి చెప్పింది నిజమే, కానీ అక్కడ ఫెడరల్ చట్టం ఇళ్లను పట్టుకుని శిక్షిస్తోందని మీరు అనుకుంటే పొరపాటు. అక్కడి ప్రమాదకర వ్యర్థాల చట్టం కూడా ఇంటి చెత్తను మినహాయించింది, మనలాగే. తేడా ఏమిటంటే కౌంటీలు, నగరాలు చెత్త రుసుములోంచే ఈ పనికి డబ్బు కేటాయించుకున్నాయి. అంటే పద్దు ఉంది. మందులకు 2010 నుంచి ఏడాదికి రెండుసార్లు దేశమంతా వెనక్కి తీసుకునే రోజు పెడుతున్నారు. పెయింటుకు ఒరెగాన్ రాష్ట్రం అదే 2010లో దారి చూపించింది. కొనే డబ్బా ధర మీద చిన్న రుసుము కలుపుతారు, ఆ డబ్బుతో మిగిలిన పెయింటు సేకరిస్తారు. ఫ్రాన్స్‌లో ఇంట్లో మిగిలిన మందులు ఫార్మసీలే తీసుకుంటాయి, ఖర్చు మందుల కంపెనీలది. ఎక్కడ నడిచినా ఆఖరి ఖర్చుకు డబ్బు ముందే చూసుకున్నారు. పారేసేటప్పుడు కట్టమంటే ఎవరూ కట్టరు, రాత్రి పూట నాలాలో పడేస్తారు.

మన దగ్గర కొత్త నియమాలు వచ్చాయి. 2026 జనవరిలో నోటిఫై అయ్యి ఏప్రిల్ 1 నుంచి అమలు. ఇప్పుడు మూడు కాదు, నాలుగు రకాలు: తడి, పొడి, శానిటరీ, స్పెషల్ కేర్. పాత నియమాల్లో డైపర్లు, ప్యాడ్లను కాగితంలో చుట్టి పొడి చెత్తలో వేయమన్నారు. ఎవరు రాశారో గానీ చెత్త వేరుచేసే ఆడవాళ్లను ఒక్కసారి అడిగి ఉంటే అలా రాసేవారు కాదు. అది ఇప్పుడు సరిచేశారు. పెయింటు డబ్బాలు, బల్బులు, పాదరసం థర్మామీటర్లు, మందులు స్పెషల్ కేర్ కిందికి వచ్చాయి. అనుమతి ఉన్న సంస్థలు సేకరించాలి, లేదా మనమే కేంద్రానికి తెచ్చివ్వాలి. ప్రమాదకర అన్న మాట పేరులోంచి పోవడం కొందరికి నచ్చలేదు. నాకు నచ్చింది. ఆ మాట చూడగానే అధికారులు కాలుష్య నియంత్రణ మండలి అనుమతులు గుర్తొచ్చి ఫైలు ముట్టుకునేవారు కాదు.

మీకు పనికొచ్చేది ఇంకొకటి అందులో ఉంది. 20,000 చదరపు మీటర్ల నిర్మాణ వైశాల్యం, లేదా రోజుకు 40,000 లీటర్ల నీటి వాడకం, లేదా 100 కిలోల చెత్త, వీటిలో ఏది దాటినా మీరు భారీ చెత్త ఉత్పత్తిదారులే. మనిషికి రోజుకు 135 లీటర్లన్నది ప్రభుత్వం వాడే లెక్క. ఇంటికి నలుగురైతే 75 ఫ్లాట్లకే 40,000 దాటుతుంది. మీ 180 ఫ్లాట్లకు 97,000 పైమాటే. బాధ్యత పెరుగుతుంది, నిజం. కానీ భారీ ఉత్పత్తిదారుగా నమోదైన సంఘం రాసే లేఖకూ, ఒక ఫ్లాటు యజమాని ఫిర్యాదుకూ ఆఫీసులో ఒకటే విలువ ఉండదు. దాన్ని వాడుకోండి.

లేఖలో ఏం రాయాలంటారా. "చెత్త కలిపేస్తున్నారు" అని రాస్తే ఆటో అతనికి మెమో వెళ్తుంది, అంతే. మూడే మూడు అడగండి. మా సర్కిల్‌లో సేకరణ కేంద్రం చిరునామా, వేళలు ఏమిటి? అక్కడి నుంచి గత ఏడాది దుండిగల్‌కు ఎన్ని కిలోలు పంపారు? ఆ ఖర్చు ఏ పద్దు కింద రాశారు? జవాబు రాకపోతే అదే మూడూ సమాచార హక్కు కింద పెట్టండి. మొదటిది తప్పించుకోవచ్చు. మూడోది తప్పించుకోలేరు, పద్దు లేదని రాతపూర్వకంగా చెప్పాల్సి వస్తుంది. ఆ కాగితం పట్టుకుని మీ ప్రజాప్రతినిధి దగ్గరికి వెళ్లండి. జరిమానాలు వేయమని మాత్రం మీటింగులో తీర్మానం చేయకండి. ఇచ్చే చోటు చూపకుండా జరిమానా వేస్తే జనం మందుల అట్టలు కూరగాయల తొక్కల మధ్య దాస్తారు. అప్పుడు ఉన్న తడి చెత్త కూడా పాడవుతుంది.

ఈలోగా సెల్లార్‌లో నీళ్లు తగలని మూల, తాళం ఉన్న ఇనుప బీరువా ఒకటి చాలు. లిథియం సెల్లుల కొసలకు టేపు వేసి గాజు సీసాలో పెట్టండి, ఒకదానికొకటి తగిలితే నిప్పు పుడుతుంది. కార్ల పక్కన కాబట్టి మరీ జాగ్రత్త. బొత్తాం అంత గుండ్రటి సెల్లులు ఇంట్లో ఎక్కడా వదలొద్దని పిల్లలున్న ఇళ్లకు ప్రత్యేకంగా చెప్పండి. మింగితే రెండు గంటల్లోనే గొంతు లోపల కాలిపోవడం మొదలవుతుంది. వాంతి చేయించకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. ట్యూబ్‌లైట్లు కొత్తవి వచ్చిన అట్టగొట్టంలోనే పెట్టి నిలబెట్టండి. పాదరసం వాడకాన్ని తగ్గించడానికి దేశాలు చేసుకున్న మినమాటా ఒప్పందం ప్రకారం ప్రపంచమంతా వీటి తయారీ 2027తో ఆగాలి, మన దేశం ఆ ఒప్పందాన్ని 2018లో ధ్రువీకరించింది. కాబట్టి అటకల మీదున్న పాతవన్నీ వచ్చే రెండు మూడేళ్లలో ఒక్కసారిగా దిగుతాయి. నెలకో ఆదివారం గంటసేపు తీసుకుంటే సరిపోతుంది. మీరు భయపడుతున్నంత సరుకు రాదు, నేను చూసిన సముదాయాల్లో మూడు నెలలకు ఒక పెద్ద డ్రమ్ము నిండలేదు.

చివరిది, థర్మామీటర్. సీఎఫ్ఎల్‌లో పాదరసం మామూలుగా ఐదు మిల్లీగ్రాముల లోపు. జ్వరం చూసే థర్మామీటర్‌లో అర గ్రాము నుంచి గ్రాము దాకా ఉంటుంది, అంటే ఒక్కటి వంద బల్బుల పెట్టు. పగిలితే ముందు పిల్లల్ని గదిలోంచి పంపి, ఫ్యాను, ఏసీ ఆపి, కిటికీలు తెరవండి. చీపురు వద్దు, వాక్యూమ్ క్లీనర్ అసలే వద్దు. చీపురు పూసల్ని చిన్న చిన్న పూసలుగా చేస్తుంది, వాక్యూమ్ ఆవిరి చేసి గదంతా చల్లుతుంది. ఒంటి మీద బంగారం ఉంటే తీసేయండి, పాదరసం తగిలితే పట్టుకుంటుంది. రెండు గట్టి అట్టముక్కలతో పూసల్ని ఒకచోటికి తోసి, ఎత్తి, మూత ఉన్న గాజు సీసాలో వేయండి. మిగిలిన చిన్నవాటిని టేపుకు అంటించి తీసి టేపుతో సహా అందులోనే పెట్టండి. సింకులో కడగకండి. సీసా మీద ఏముందో, ఏ తేదీయో రాయండి.

ఆ సీసాను ఎక్కడ ఇవ్వాలని మీరు అడుగుతారని తెలుసు. మా మనవడు 2019లో పగలగొట్టిన థర్మామీటర్ సీసా ఇప్పటికీ మా ఇంట్లో అటక మీదే ఉంది. మీ లేఖకు జవాబుగా చిరునామా వస్తే ముందు నాకు చెప్పండి.